జమ్ముపెట్టె వెనుకనున్న తల్లి
(బాసరలో జరిగిన కుటుంబ ఆరాధన కూటములో చేసిన ప్రసంగము)



ఈ శతవత్సర సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని పెద్దలు అడిగారు. మన డయాసిస్ చరిత్ర వ్రాయడానికి నాకన్న అర్హులు చాలామంది ఉన్నారు. గనుక బాసర సంఘములో మీ మధ్య చెప్పిన మాటలనే కొద్దిగా సవరించి ఇస్తున్నాను. విషయము దత్తత. ముఖ్యముగా ఒక దేశములో పుట్టిన బిడ్డ మరొక దేశములో దత్తబిడ్డగా పెరగడము. ఇది మనకు దూరపు సంగతి అని మీరు అనుకోవచ్చు. నేను కూడా అట్లే అనుకున్నాను. ఒక దినము అది మన గుడి మెట్లెక్కి వచ్చేవరకు.

బాసర ఎటువంటి ఊరో మీకు చెప్పనక్కరలేదు. గోదావరి ఒడ్డున సరస్వతి ఆలయములో అక్షరాభ్యాసము చేయించడానికి ఎక్కడెక్కడి నుండో తల్లిదండ్రులు పిల్లలను తెస్తారు. వసంత పంచమికి రైల్వే స్టేషను దగ్గర నిలువ చోటుండదు. ప్రతి తల్లి ఒడిలో ఒక బిడ్డ, ప్రతి బిడ్డ చేతిలో ఒక పలక. మన విశ్వాసము వేరైనా, బిడ్డ బాగుండవలెనన్న ఆ తల్లుల కోరికను చూచినప్పుడు నా మనస్సు కరుగుతుంది.

కొన్ని సంవత్సరముల క్రిందట మధ్యాహ్నపు రైలు దిగి ఒక యువతి మన మందిరమునకు వచ్చింది. చూడడానికి మన పిల్లే. మన వాడలో, మన తండాలో ఎక్కడైనా కనిపించే ముఖము. నేను తెలుగులో పలకరించాను. ఆమెకు ఒక్క మాట రాదు. ఇంగ్లీషులో చెప్పింది. 1990ల చివర పసికందుగా ఉన్నప్పుడు హైదరాబాదు నుండి యూరపులోని ఒక దేశమునకు దత్తత వెళ్లిందట. చేతిలో ఒక పాత కాగితము. అందులో తల్లి పేరు వ్రాయవలసిన చోట ఒక గీత గీసి ఉన్నది. ఊరి పేరు సగము చెరిగిపోయినది. అది బాసర కావచ్చునని ఎవరో చెప్పగా, క్రైస్తవుల గుడిలో అడిగితే తెలియవచ్చునని వచ్చింది.

మా అమ్మగారు ఆమెకు అన్నము పెట్టింది. పప్పు, పచ్చి పులుసు కలుపుకొని తిన్నది. తింటూ అడిగింది, "దారిలో పిల్లలు పలకలు పట్టుకొని పోతున్నారు, ఎందుకు?" అని. నేను చెప్పాను. కొంతసేపు ఊరకుండి, "నన్ను పెంచిన అమ్మ నాన్న చాలా మంచివారు. వారి మీద నాకు ఏ కోపము లేదు. నాకు ఒక్కటే తెలియాలి. నన్ను కన్న తల్లి నన్ను ఇచ్చిందా, లేక ఆమె యొద్ద నుండి నన్ను తీసుకున్నారా?" అన్నది.

నేను వేదాంత కళాశాలలో చదివినవాడను. ఎన్నో ప్రశ్నలకు జవాబులు నేర్చుకున్నాను. ఆ ప్రశ్నకు మాత్రము నా దగ్గర జవాబు లేదు. ఆమెను సాయంకాలపు బండి ఎక్కించి ఇంటికి వచ్చి, నిర్గమకాండము రెండవ అధ్యాయము తెరిచాను.

ఆ కథ మీ అందరికీ సండే స్కూలు నుండి తెలుసు. కాని ఆ రాత్రి నేను దానిని మోషే కథగా చదువలేదు, ఆ తల్లి కథగా చదివాను. యోకెబెదు మూడు నెలలు బిడ్డను దాచింది. ఇక దాచలేక జమ్ముపెట్టెకు కీలు పూసి, బిడ్డను అందులో పెట్టి, ఏటి ఒడ్డున జమ్ములో ఉంచింది. బిడ్డ బరువై కాదు. పైనుండి వచ్చిన చట్టము ఆమె చేతులను విరిచినందున. బిడ్డను ఎత్తుకున్న ఫరో కుమార్తె పరదేశపు స్త్రీ. ఇది పరదేశపు దత్తతే గదా! ఆమె కనికరము నిజమైనదే. కాని మూడు సంగతులు మనము గమనించవలెను.

మొదటిది, ఫరో కుమార్తె ఆ బిడ్డ ఎవరి బిడ్డో తెలిసే తీసుకున్నది. వీడు హెబ్రీయుల పిల్లవాడని ఆమె నోటితోనే చెప్పింది. దాచలేదు. రెండవది, ఆమె ఆ తల్లికి జీతము ఇచ్చింది. దేనికి? పాలిచ్చి పెంచినందుకు. బిడ్డను ఇచ్చినందుకు కాదు. ఈ రెంటి మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరమున్నది. మూడవది, బిడ్డ అక్క దూరముగా నిలిచి, వానికి ఏమి జరుగునో చూచింది. ఆమె చూచినది గనుకనే తల్లికీ బిడ్డకూ మధ్య దారము తెగలేదు. మోషే పెద్దవాడైనప్పుడు తన సహోదరులు ఎవరో ఎరిగి వారి యొద్దకు వెళ్లగలిగాడు. ఎస్తేరు కథలో కూడా అంతే. ఆమెను పెంచుకున్న మొర్దెకై, ఆమె రాజనగరులోనికి పోయిన తరువాత సహితము, ఎట్లున్నదో తెలిసికొనడానికి దినదినము ఆవరణము ముందు తిరిగాడు.

ఈ మూడును మన దేశములో ఎట్లు జరిగినవో ఇప్పుడు చూద్దాము.

మన పిల్లలు విదేశాలకు వెళ్లే విషయములో జరుగుతున్న అక్రమాలను గురించి 1982లో లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరము వ్రాశారు. కోర్టువారు ఆ ఉత్తరమునే దావాగా స్వీకరించారు. 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి. ఎన్. భగవతి గారు తీర్పు చెప్పారు. బిడ్డకు మొదట స్వదేశములోనే తల్లిదండ్రులను వెదకవలెను; దొరకని పక్షమున మాత్రమే విదేశపు కుటుంబమునకు ఇవ్వవలెను; ఇచ్చునది బిడ్డ మేలు కొరకే గాని ఎవరి లాభము కొరకు కాదు అన్నది ఆ తీర్పు సారాంశము. ఆ తరువాత 1990లో కేంద్ర ప్రభుత్వము ఈ పనిని చూడడానికి కారా అని మనము పిలిచే కేంద్ర సంస్థను ఏర్పాటు చేసింది.

నియమాలు మంచివే. కాని డబ్బు ఉన్న చోటికి దళారి వస్తాడు. 1999లోను, మరల 2001లోను అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద అలజడి లేచింది. అప్పుడు నేను కళాశాల విద్యార్థిని. పత్రికలలో వార్తలు చదివి రాత్రి నిద్రపట్టలేదు. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు, తాండూరు వైపు లంబాడా తండాలలో ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు తల్లుల నుండి తీసుకొని, శిశుభవనాలకు చేర్చి, అక్కడ నుండి విదేశాలకు పంపుతున్నారని బయటపడింది. తండాలో తల్లికి దక్కినది కొద్ది రూపాయలు. విదేశములో పెంపుడు తల్లిదండ్రులు కట్టినది డాలర్లలో. మధ్యలో ఉన్నవారి పేర్లు నాకు ఇక్కడ అవసరము లేదు. వారిలో కొందరు క్రీస్తు నామమును పలకకు కట్టుకున్నవారు కూడా ఉన్నారని మాత్రము సిగ్గుతో చెప్పవలసి యున్నది. 2001లో ప్రభుత్వము, పేదరికము పేరున తల్లిదండ్రులు వదులుకున్న పిల్లలను దత్తతకిచ్చే పద్ధతిని రాష్ట్రములో నిలిపివేసింది.

ఆ అలజడి తండాల వారి తప్పు అని అనేవారిని నేను విన్నాను. అమ్ముకున్నారు గదా అంటారు. సహోదరులారా, మూడవ ఆడపిల్ల పుట్టిన ఇంటిలో కట్నము భయము, అప్పు భయము, అత్తవారి సూటిమాట ఒకే రాత్రి కలిసి కూర్చుంటాయి. ఆ ఇంటిలోనికి ఒకడు వచ్చి, నీ బిడ్డ గొప్పింటిలో పెరుగుతుంది, చదువుకున్న తరువాత నిన్ను చూడడానికి వస్తుంది అని చెబితే, ఆ తల్లి సంతకము చేసినదా, ఆమె చేతులు విరువబడినవా? ఆలోచించండి.

అయితే తీసుకున్న విదేశీయులందరూ చెడ్డవారని కూడా చెప్పకూడదు. వారిలో ఎక్కువమంది ప్రార్థనతో, కన్నీటితో బిడ్డను తెచ్చుకున్నవారు. మన వాళ్లు వద్దన్న బిడ్డలను, అనగా కాలు చేయి సరిగా లేనివారిని, చూపు లేనివారిని, వయస్సు మించినవారిని ఎత్తుకున్నవారు నేటికీ అధికముగా విదేశపు కుటుంబాలే. ఆ విషయములో మనము వారి ముందు తల దించుకోవలెను. మంచి మనస్సు ఉన్నది. కాని మంచి మనస్సు ఒక్కటే చాలదని కొరియా దేశము మనకు నేర్పుతున్నది. యుద్ధము ముగిసిన తరువాత 1955లో అమెరికాలోని హోల్ట్ దంపతులు, విశ్వాసులు, ఎనిమిదిమంది కొరియా పిల్లలను తెచ్చుకున్నారు. ఆ త్రోవలో తరువాతి దశాబ్దములలో లక్షకు పైగా పిల్లలు ఆ దేశము విడిచి వెళ్లారు. 2025 మార్చిలో కొరియా ప్రభుత్వపు విచారణ సంఘమే, తల్లిదండ్రులు ఉన్న పిల్లలను అనాథలని వ్రాసిన తప్పుడు కాగితాలున్నవని ఒప్పుకున్నది. కనికరముతో మొదలైనది కాగితముల దగ్గర చెడిపోయింది. కాగితము కూడా సత్యమునకు సాక్షియే గదా. అబద్ధ సాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞ దానికీ వర్తిస్తుంది.

ఇక మన సంగతికి వస్తాను.

నా మొదటి పాస్టరేటులో ఒక దంపతులు ఉండేవారు. పద్నాలుగు సంవత్సరములు పిల్లలు లేరు. ఒకనాడు వారు సంతోషముతో వచ్చి, ఒక ఆసుపత్రిలో పరిచయమున్న మనిషి బిడ్డను ఇప్పిస్తానన్నాడు, జనన ధ్రువపత్రములో మా పేర్లే వ్రాయిస్తాడట, మీరు వచ్చి ప్రార్థన చేయండి అన్నారు. నేను సరే అన్నాను. నా తప్పు ఒప్పుకుంటున్నాను. వారి కన్నీరు చూచాను గాని, ఆ ఆసుపత్రి మంచము మీద పండుకొని యున్న మరొక స్త్రీ కన్నీరు చూడలేదు. ఆ రాత్రి మా అమ్మగారు అడిగింది, "ఆ బిడ్డను కన్నామె ఎవరో మీకు తెలుసా?" అని. తెలియదు. తెల్లవారి ఆ దంపతుల యొద్దకు వెళ్లి, ఈ ప్రార్థన నేను చేయలేను అన్నాను. వారు నా మీద ఆరు నెలలు అలిగారు.

తరువాత వారు చట్టప్రకారము దరఖాస్తు పెట్టుకున్నారు. మూడేండ్లకు పైగా కనిపెట్టుకొని యున్నారు. జిల్లా శిశుగృహము నుండి ఒక ఆడబిడ్డ వచ్చింది. ఇప్పుడు ఆ బిడ్డ బడికి పోతున్నది. వచ్చిన దినమున ఆమెను గుడిలో పైకెత్తి ఆశీర్వదించినప్పుడు నా చేతులు వణకలేదు.

మనలో చాలామందికి తెలియని ఒక సంగతి చెప్పవలెను. ఎన్నో ఏండ్లు మన దేశములో క్రైస్తవునికి దత్తత చట్టము లేదు. 1956 నాటి దత్తత చట్టము హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే. మనము 1890 నాటి గార్డియన్ల చట్టము క్రింద సంరక్షకులము కావచ్చును గాని, చట్టము ఎదుట తల్లిదండ్రులము కాలేము. దేవుడు మనలను దత్తపుత్రులుగా స్వీకరించెనని ప్రతి ఆదివారము ప్రసంగించే మనము, ఒక బిడ్డను చట్టప్రకారము దత్తపుత్రుడని పిలువలేకపోయాము. బాలల న్యాయ చట్టము ఆ అడ్డును తీసివేసింది. షబ్నం హష్మి గారు వేసిన దావాలో 2014లో సుప్రీంకోర్టు, ఏ మతమువారైనను ఈ చట్టము క్రింద దత్తత తీసుకొనవచ్చునని స్పష్టము చేసింది. 2015 నాటి కొత్త చట్టము దానిని స్థిరపరచింది. 2022 నుండి దత్తత ఉత్తరువును కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటు, అనగా మన కలెక్టరు గారు ఇస్తున్నారు. ఇప్పుడు మనకు సాకు లేదు.

సాకు లేదు గాని, జంకు ఉన్నది. "ఏ కులపు బిడ్డో, ఏ రక్తమో" అనే మాట గుడి వెలుపలే కాదు, గుడి లోపల కూడా వినిపిస్తున్నది. దత్తత తీసుకునేవారు తెల్లని బిడ్డను, నెలల బిడ్డను, జబ్బు లేని బిడ్డను అడుగుతారు. దేవుడు మనలను దత్తత తీసుకొనేటప్పుడు అట్లు ఏరుకొని యుంటే మనలో ఎవరు మిగిలేవారు?

అయితే దత్తతకన్న ముందు మరొక మాట ఉన్నది. నేటి నా ప్రసంగమంతా ఆ మాట కొరకే.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక తల్లి మూడు నెలల బిడ్డను కొంగులో చుట్టుకొని వచ్చింది. బీడీలు చుట్టి బ్రతికే మనిషి. "అయ్యగారూ, మీకు పుణ్యముంటది. గీ పిల్లను ఫారినోళ్లకు ఇయ్యరాదుండ్రి. గక్కడన్న సుఖంగ బతుకుతది. ఇంట్ల ఇద్దరాడివిల్లలున్నరు. ఆయన దుబాయి పోయి ఏడాదాయె, పైసలు పంపుతలేడు" అన్నది. నేను చట్టము చెప్పబోయాను. మా అమ్మగారు నన్ను ఆపి, ఆమె పక్కన చాప మీద కూర్చుండి అడిగింది, "నీకు పిల్ల బరువైందా, పిల్ల ఖర్చు బరువైందా?"

ఆ తల్లి బావురుమని ఏడ్చింది. "పిల్ల బరువెట్లయితదమ్మా!" అన్నది.

ఆ ఆదివారము స్త్రీల సమాజమువారు గుప్పెడు బియ్యము సంచిని ఆమె ఇంటికి పంపారు. ఆరు నెలలు పంపారు. పెద్దలలో ఒకరు ఆమె వెంట ఆఫీసులు తిరిగి రేషను కార్డులో పిల్లల పేర్లు ఎక్కించారు. పెద్ద పిల్లలు అంగన్‌వాడీకి, బడికి పోయారు. ఇది గొప్ప పని కాదు. పత్రికలో వేయదగినది కాదు. ఆమె మన సంఘస్థురాలు కాలేదు. మనము అడుగనూ లేదు. కాని ఆ బిడ్డ నేడు మూడవ తరగతి చదువుతున్నది, తన తల్లి ఒడిలోనే పెరిగి.

ఈ బుద్ధి మనకు కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలములో కరువు వచ్చినప్పుడు పోస్నెట్ దొరగారు మెదకులో ఏమి చేశారు? ఆకలిగొన్న జనులకు గుడి కట్టే పని చూపించి అన్నము పెట్టారు. ఆ మహా దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. దాని ఎత్తును మనము పొగడుతాము. నాకు మాత్రము దాని రాళ్లలో మరొకటి కనిపిస్తుంది. పని దొరికిన తండ్రి సాయంకాలము ఇంటికి కూడు తీసికొని పోయాడు. అతని బిడ్డ అతని బిడ్డగానే నిలిచాడు.

గనుక సంఘమునకు నా విన్నపము. బిడ్డను ఇవ్వజూపే తల్లి మీ గుమ్మము ఎక్కితే, మొదట బిడ్డను కాదు, తల్లిని చూడండి. ఆమె చేతులను ఏది విరిచిందో అడగండి. ఆ తరువాత కూడా ఆమె బిడ్డను పెంచలేనంటే, మీరు నడిమి మనుషులు కావద్దు. జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ఎదుటికి ఆమెను తీసికొని పోండి. అక్కడ సంతకము చేసిన తరువాత కూడా మనస్సు మార్చుకొనడానికి చట్టము ఆమెకు రెండు నెలలు గడువు ఇస్తున్నది. ఆ రెండు నెలలలో ఆమెకు తోడుగా ఉండండి, ఒత్తిడిగా ఉండకండి. దిక్కులేని బిడ్డ కనిపిస్తే 1098కి ఫోను చేయండి. ఇంటికి తీసికొని పోయి దాచుకొనవద్దు. బిడ్డను కొనడము, అమ్మడము నేరము. అయిదేండ్ల వరకు కఠిన శిక్ష ఉన్నది. బిడ్డ కావలెనన్నవారు కారా వారి యొద్ద పేరు నమోదు చేసికొని ఓపికతో కనిపెట్టండి. వచ్చిన బిడ్డకు, నీవు దత్తబిడ్డవని ఊహ తెలిసినప్పుడే ప్రేమతో చెప్పండి. ఫరో కుమార్తె దాచలేదు, మీరూ దాచవద్దు.

ఒక దేశము నుండి మరొక దేశమునకు బిడ్డ వెళ్లే మార్గము నేడు మూయబడలేదు. 1993లో హేగ్ పట్టణములో కుదిరిన ఒప్పందమును మన దేశము 2003లో అంగీకరించింది. ఇక్కడ కుటుంబము దొరకని బిడ్డకు అక్కడ దొరికితే అది మేలే. వెళ్లిన బిడ్డ ఎట్లున్నదో రెండేండ్ల వరకు నివేదికలు పంపవలెనన్న నియమము ఉన్నది. మిర్యాము ఏటి ఒడ్డున నిలిచి చేసిన పనిని నేడు చట్టము చేయజూస్తున్నది. కాని చట్టము రెండేండ్లు చూస్తుంది. బిడ్డ ప్రశ్న ఇరువది ఏండ్లకు వస్తుంది.

ఆ యువతికి నేను చెప్పగలిగినది ఒకటే. ఇటువంటి వెదకులాటను మూడవ మనిషి చేయడానికి చట్టము ఒప్పుకోదు; ఆమెయే స్వయముగా కారా వారికి దరఖాస్తు పెట్టుకొనవలెను. పెట్టుకున్నది. క్రిస్మసుకు ఉత్తరము వ్రాస్తుంది. జవాబు ఇంకా రాలేదు. గత సంవత్సరపు ఉత్తరములో, తెలుగు నేర్చుకొనడము మొదలుపెట్టానని, మొదట "అమ్మ" అని వ్రాయడము వచ్చిందని, చివర తన చేతితో ఆ రెండక్షరాలు వ్రాసి పంపింది. వంకరగా ఉన్నవి. ఆ ఉత్తరము మా ఇంటిలో బైబిలులో పెట్టుకున్నాము.

ఈ జిల్లాలలో ఎక్కడో ఒక తల్లి, బహుశః తెల్లవారుజామున బీడీ ఆకు కత్తిరిస్తూనో, పత్తి చేనికి పోతూనో, తన బిడ్డ వయస్సు లెక్కపెట్టుకుంటూ ఉండవచ్చు. మన ప్రార్థనలలో పెంచిన తల్లుల కొరకు స్తుతి చెల్లిస్తాము, మంచిదే. ఇకమీదట ఆ తల్లి కొరకు కూడా ప్రార్థించండి. రానున్న నూరేండ్లలో మన సంఘము, జమ్ముపెట్టెను దూరముగా నిలిచి కనిపెట్టిన ఆ అక్కవలె ఉండునట్లు, ఇక ఏ తల్లి చేతులు విరువబడకుండునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.